జట్టు గెలుస్తోందని మీ బిల్లు వదిలేయకండి: ఫుట్‌బాల్ క్లబ్బుల డబ్బు గురించి అపోహలు, వాస్తవాలు

గ్రేటర్ మాంచెస్టర్‌లో పదిహేనేళ్లుగా చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తున్నాను. లీగ్ వన్, లీగ్ టూ (ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో మూడో, నాలుగో అంచెలు) క్లబ్బులకు తిండి సరఫరా చేసేవాళ్లు, జెర్సీలు ఉతికే లాండ్రీవాళ్లు, మినీబస్సులు నడిపేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "అక్కా, టీమ్ బాగా ఆడుతోంది, బిల్లులు మాత్రం రావట్లేదు. టెన్షన్ పడాలా?"

పడాలి. ఎందుకో చెప్తాను.

అపోహ: జట్టు గెలుస్తోందంటే క్లబ్బు దగ్గర డబ్బుంది.

అందరికన్నా ఎక్కువమందిని ముంచింది ఈ నమ్మకమే. బరీ క్లబ్బునే చూడండి. 1885లో పుట్టింది, 1900లోనూ 1903లోనూ ఎఫ్ఏ కప్ (చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ) గెలిచింది. 2018–19లో రయాన్ లో అనే ఆయన మేనేజర్‌గా ఉండగా లీగ్ టూలో రెండో స్థానంలో నిలిచింది. 2019 ఏప్రిల్ 30న ట్రాన్మియర్ మైదానంలో 1–1 డ్రాతో లీగ్ వన్‌కి ప్రమోషన్ ఖాయమైంది. ఆ రాత్రి ఎగిరి గంతులేసిన ఆటగాళ్లకు జీతాలు సరిగా అందని రోజులవి. అంతకు ముందు డిసెంబర్‌లోనే క్లబ్బు ఒక్క పౌండుకు చేతులు మారింది. జులైలో అప్పులవాళ్లతో సీవీఏ (బాకీలో కొంత భాగమే తీరుస్తామనే చట్టబద్ధమైన రాజీ) ఒప్పందం జరిగింది, దాంతో కొత్త సీజన్‌కి 12 పాయింట్ల కోత పడింది. ఆగస్టు 27 పొద్దున అభిమానులు చీపుర్లు పట్టుకుని గిగ్ లేన్ స్టేడియం శుభ్రం చేయడానికి వెళ్లారు, క్లబ్బు అమ్ముడుపోతుంది, ఇక ఆట మొదలవుతుందన్న ఆశతో. ఆ రాత్రే లీగ్ నుంచి బహిష్కరించినట్టు ప్రకటన వచ్చింది. ఆ ఏడాది లీగ్ వన్ 23 జట్లతోనే నడిచింది. ఆ వార్త విన్నప్పుడు నేను ఆఫీసులోనే ఉన్నాను, చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

గెలుపుతో పాటు ఖర్చూ పెరుగుతుంది. మ్యాచ్ గెలిస్తే బోనస్, ప్రమోషన్ వస్తే ఇంకో బోనస్. సీజన్ టికెట్ల డబ్బు ఎండాకాలంలో ఒకేసారి వస్తుంది, దాంతో మళ్లీ మే దాకా నెట్టుకురావాలి. 46 లీగ్ మ్యాచుల్లో సొంత మైదానంలో జరిగేవి 23. జనవరిలో మైదానం గడ్డకట్టి రెండు వాయిదా పడితే ఆ నెల గేటు డబ్బు రాదు, జీతాలు మాత్రం ఇవ్వాల్సిందే. అప్పుడు ముందు ఆగేది పన్ను, దాని వెనకే మీ బిల్లు. ఆటగాడి జీతం ఆగితే మర్నాడు పేపర్లో వస్తుంది. లాండ్రీ బిల్లు ఆగితే ఎవరికీ తెలియదు.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉన్నారు. ఒక క్లబ్బు హాస్పిటాలిటీ గదులకు సమోసాలు, పైలు పంపేవాళ్లు. క్లబ్బు పేరు చెప్పను. ఐదు నెలల బిల్లుల కాపీలు బటర్ బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టుకొచ్చి నా టేబుల్ మీద కుమ్మరించారు. పదకొండు వేల పౌండ్ల పైమాటే. ఇన్నాళ్లు గట్టిగా ఎందుకు అడగలేదంటే, ఆయన, "అక్కా, వాళ్లు మూడో ప్లేస్‌లో ఉన్నారు. ఇలాంటప్పుడు డబ్బు అడిగితే ఏం బాగుంటుంది?" అన్నారు. ఆయనకి ఆ జట్టంటే ప్రాణం. ఏడో వారానికి అడ్మినిస్ట్రేటర్ (అప్పులు తీర్చలేని కంపెనీని తన చేతిలోకి తీసుకుని నడిపే అధికారి; ఆ దశనే అడ్మినిస్ట్రేషన్ అంటారు) దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వెనక అప్పులవాళ్ల జాబితా. ఆవిడ వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ కిందికి వచ్చారు: ప్లంబర్, టాక్సీ, పూలకొట్టు, ఆ తర్వాత వాళ్ల పేరు. "ఇంతమందా?" అన్నారు. చివరికి చేతికొచ్చింది చిల్లర.

ఆ జాబితాలో అందరూ సమానం కాదు. ఆటగాళ్లకీ, మిగతా క్లబ్బులకీ పూర్తిగా చెల్లిస్తేనే లీగ్‌లో చోటు నిలుస్తుంది. వ్యాట్, జీతాల్లోంచి పట్టిన పన్ను లాంటి బాకీల్లో ప్రభుత్వానికి 2020 డిసెంబర్ నుంచి మనకన్నా ముందు వరస ఇచ్చారు. సెక్యూరిటీ లేకుండా అరువిచ్చిన మనం వీళ్లందరి వెనక. 2010లో పోర్ట్స్‌మత్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లినప్పుడు సెయింట్ జాన్ అంబులెన్స్ అనే ప్రథమ చికిత్స సేవాసంస్థ కూడా ఈ వరసలోనే ఉంది. బరీ సీవీఏలో ఈ వరసకి మాట ఇచ్చింది పౌండుకు 25 పెన్స్.

అపోహ: యజమాని కోటీశ్వరుడు, మన డబ్బు ఎక్కడికీ పోదు.

క్లబ్బు లిమిటెడ్ కంపెనీ. ఆయన వ్యక్తిగతంగా గ్యారంటీ రాసిస్తే తప్ప మీ బాకీ ఆయనది కాదు. ఆయన పెట్టిన డబ్బు కూడా చాలాసార్లు క్లబ్బు పుస్తకాల్లో అప్పుగానే ఉంటుంది. డబ్బున్నవాళ్లుంటే జట్టు కిందికి పోదన్నదీ నిజం కాదు. హైదరాబాద్‌లో మొదలైన కోళ్ల కంపెనీ వెంకీస్ వాళ్లు 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని కొన్నారు. 2012లో ప్రీమియర్ లీగ్‌లో (అన్నిటికన్నా పై అంచె) చోటు పోయింది, 2017లో లీగ్ వన్‌కి పడ్డారు, 2018లో పైకొచ్చారు.

అపోహ: అడ్మినిస్ట్రేషన్ అంటే క్లబ్బు మూతపడ్డట్టే.

కాదు. బోల్టన్ 2019లో అందులోకి వెళ్లి, 12 పాయింట్లు పోగొట్టుకుని, 2020లో లీగ్ టూకి పడి, 2021లో తిరిగి లేచింది. బోర్న్‌మత్ 2008–09ని మైనస్ 17 పాయింట్లతో మొదలుపెట్టి కూడా లీగ్ టూలో నిలబడింది. అదే ఏడాది మైనస్ 30తో మొదలైన ల్యూటన్ మాత్రం లీగ్ బయటికి పోయి, తిరిగి రావడానికి 2014 దాకా పట్టింది. కాబట్టి వణికిపోయి సరఫరా మానేయక్కర్లేదు. పాత బాకీ గడ్డకట్టినట్టే, అది వేరే సంగతి. అడ్మినిస్ట్రేటర్ రాతపూర్వకంగా ఇచ్చే కొత్త ఆర్డర్ల డబ్బు పాత బాకీల కన్నా ముందు వస్తుంది. ఆ కాగితం లేకుండా ఒక్క ట్రే కూడా దించకండి.

అపోహ: కప్‌లో పెద్ద జట్టు తగిలితే అప్పులన్నీ తీరిపోతాయి. 

గేటు డబ్బు రెండు క్లబ్బులూ పంచుకుంటాయి. 2024–25 నుంచి ఎఫ్ఏ కప్ మొదటి రౌండ్ నుంచే రీప్లేలు (డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచులు) తీసేశారు కాబట్టి రెండో మ్యాచ్ ఆదాయం కూడా లేదు.

ఇక వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "దుబాయ్ వాళ్లు కొంటున్నారంట", "వచ్చే వారం అందరికీ క్లియర్ చేస్తారంట" లాంటివి దయచేసి నాకు ఫార్వర్డ్ చేయకండి. కంపెనీస్ హౌస్ (కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో క్లబ్బు పేరు కొడితే లెక్కలు గడువు దాటాయో, ఆస్తులు ఎవరికి తాకట్టు పెట్టారో ఉచితంగా కనిపిస్తుంది. కంపెనీని మూసేయమని కోర్టుకి వేసిన పిటిషన్లు గెజెట్‌లో ప్రకటిస్తారు. కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఆంక్షలున్న క్లబ్బుల పేర్లు ఈ లీగ్‌లని నడిపే ఈఎఫ్ఎల్ తన సైట్‌లోనే పెడుతుంది. మూడూ చూడటానికి పది నిమిషాలు. బాకీ ఇప్పటికే మునిగిపోతే, దాని మీద మీరు కట్టిన వ్యాట్‌ని గడువు తేదీ నుంచి ఆరు నెలలయ్యాక వెనక్కి అడగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తెనాలి ఆవిడ ఇప్పుడు ప్రతి సోమవారం వ్యాన్‌కి సరుకు ఎక్కించే ముందు ఆ మూడు సైట్లూ చూస్తారు. మొన్న జనవరిలో ఆవిడే నాకు ఫోన్ చేసి, "అక్కా, ఫలానా క్లబ్బు లెక్కలు ఇంకా వేయలేదు, చూశారా?" అన్నారు. ఆ వారం వాళ్లకు డబ్బు ముందు కడితేనే పైలు పంపారు. శనివారం ఆయన మాత్రం స్కార్ఫ్ చుట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని, ఎప్పట్లాగే తన జట్టు మ్యాచ్‌కి వెళ్లారు.