సింగ్ నగర్‌లో ఫోన్లు మూగబోయిన రోజు

చిన్నూ, అమ్ములూ, ఇంకా మన వీధి పిల్లలందరికీ,

మొన్న దసరాకి గుంటూరు వచ్చినప్పుడు అడిగారు గదా, తాతయ్యా నువ్వు ఆర్మీలో తుపాకి పేల్చావా అని. నేను సిగ్నల్స్‌లో చేశాను రా, ఫోన్లు, రేడియో సెట్లు, చివర్లో కంప్యూటర్లు చూసేవాణ్ణి అనేసరికి మీ మొహాలు వాడిపోయాయి. ఆ భోజనాల హడావిడిలో చెప్పలేకపోయా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది గుర్తుందా. మీ చిన్నమ్మమ్మ వాళ్ళు మేడెక్కి కూర్చున్నారు, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, రెండు రోజులు మాకు వాళ్ళ కబురే లేదు, మీ నాయనమ్మ అన్నం ముట్టలా. నీళ్ళకన్నా ఆ గొంతు వినపడకపోవటమే ఎక్కువ భయపెట్టింది. ఇట్లా అన్నీ పోయినచోట కూడా మాట పోకుండా చూడటమే మా సిగ్నల్స్ వాళ్ళ పని.

మా కోర్, అంటే ఆర్మీలో మా సిగ్నల్స్ విభాగం, పుట్టింది 1911 ఫిబ్రవరి 15న. మా నినాదం తీవ్ర చౌకస్, అంటే చురుగ్గా, అప్రమత్తంగా అని. ఆఫీసర్లకి మధ్యప్రదేశ్‌లో మౌ దగ్గర కాలేజీ ఉంది, జవాన్లకి జబల్పూర్‌లో, గోవాలో ట్రైనింగ్. నాది జబల్పూర్.

అక్కడ ముందు నేర్పింది మాట్లాడటం! సినిమాల్లో ఓవర్ అండ్ అవుట్ అంటారే, అట్లా అనకూడదు. ఓవర్ అంటే నాది అయింది నువ్వు చెప్పు అని, అవుట్ అంటే ఇంక మాటల్లేవని, రెండూ కలిపితే అర్థం ఉండదు. మాట సరిగా వినపడకపోతే రిపీట్ అనం, సే ఎగైన్ అంటాం, ఎందుకంటే ఫిరంగుల వాళ్ళకి రిపీట్ అంటే అక్కడే మళ్ళీ పేల్చమని. ఒక్క మాట తేడాకి ఎంత జరుగుద్దో చూడండి.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తా. కాశ్మీర్‌లో ఒక పోస్టులో, అంటే కాపలా స్థావరంలో, చలికాలం నేను సెట్లకి ఇన్‌చార్జిని. సాయంత్రం డ్యూటీ తీసుకునేటప్పుడు బ్యాటరీకి మీటర్ పెట్టి చూశా, వోల్టేజ్ బాగానే ఉంది, రిజిస్టర్లో సంతకం పెట్టేశా. చలికి బ్యాటరీలో పస సగం పోతుంది, ఉత్తప్పుడు మీటర్‌కి అది తెలీదు, సెట్ మీద పని పెట్టి చూడాలి, నేను చూడలా. రాత్రి మనవాళ్ళు గస్తీకి వెళ్ళారు, మంచు మొదలైంది, వెనక్కి రావాలా అక్కడే ఆగాలా అని అడుగుతున్నారు, వాళ్ళ గొంతు నాకు వినపడతానే ఉంది, నేను జవాబు చెప్దామని బటన్ నొక్కగానే సెట్ ఆరిపోతోంది. వినటానికి కొద్ది కరెంటు చాలు, పంపటానికి చాలా కావాలి, అదీ సంగతి. ఇంకో బ్యాటరీని కోటు లోపల పెట్టుకుని వెచ్చబెట్టి, తగిలించి మాట్లాడేసరికి నలభై నిమిషాలు పట్టింది. అందరూ క్షేమంగా వచ్చారు. కానీ "హలో, వినపడుతోందా" అని పదేపదే అడిగిన ఆ గొంతు నాకిప్పటికీ చెవిలోనే ఉంది. తర్వాత రిటైరయ్యేదాకా నేను సెట్లో మాట్లాడి చూడకుండా ఒక్క సంతకం పెట్టలా.

పెద్ద ర్యాంకు వచ్చాక నా పని చాలామటుకు ఇదే. ఏ సెట్ ఎవరి దగ్గరుంది, స్పేర్ ఎక్కడుంది, కోడ్లు మార్చే రోజు అందరికీ ఒకేసారి కొత్తవి అందాయా, సెలవుకెళ్ళే కుర్రాడు పనంతా ఇంకొకడికి చెప్పి వెళ్ళాడా. కంప్యూటర్లొచ్చాక ఆఫీసు నెట్‌వర్క్‌ని బయట ఇంటర్నెట్‌కి తగలనిచ్చేవాళ్ళం కాదు, బయటి పెన్‌డ్రైవ్ పెడితే కొత్త కుర్రాడైనా సీనియరైనా ఒకటే శిక్ష. ఇప్పుడైతే శాటిలైట్లే ఉన్నాయి, ఎయిర్‌ఫోర్స్ కోసం జీశాట్-7ఏని 2018 డిసెంబర్ 19న మన శ్రీహరికోట నుంచే పంపారు.

చిన్నూ, నీ చేతి వాచీ గురించి ఒక మాట. పరుగెత్తిన దారిని వాచీ, ఫోన్ల నుంచి తీసుకుని దాచే స్ట్రావా అనే యాప్ వాళ్ళు 2017 చివర్లో పెట్టిన మ్యాప్‌లో, ఎడారిలో సైనికులు పరుగెత్తిన దారులు వెలుగు గీతల్లా కనపడి, ఎక్కడెక్కడ క్యాంపులున్నాయో 2018 జనవరిలో లోకానికి తెలిసిపోయింది. పాపం వాళ్ళు వ్యాయామం చేశారంతే. మన ఆర్మీ 2020 జులైలో 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది, ఫేస్‌బుక్‌తో సహా. అందుకే నువ్వు రోజూ పొద్దున్నే పరుగెత్తే దారి అందరికీ చూపించే సెట్టింగ్ ఆపేయ్, ఇవాళే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంట్లో పడున్న పాత ల్యాండ్‌లైన్ వైరు తీసుకురండి. మేడ మీద నుంచి పెరటి దాకా లాగుదాం, ఎక్కడో ఒకచోట నేను తెంపుతా, రాత్రి లైట్లార్పి మీరు వైరుని వేళ్ళ మధ్య పట్టుకుని నడుచుకుంటూ తెగిన చోటు కనిపెట్టాలి, మా లైన్‌మన్లు అట్లాగే చేసేవాళ్ళు.

మీ తాతయ్య
గుంటూరు