చిన్న బడ్జెట్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ప్రత్యర్థి అనలిస్టు: అపోహలు - వాస్తవాలు

వచ్చే మ్యాచ్‌లో ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో ముందే చదివి, మన కోచ్‌కీ ఆటగాళ్లకీ పనికొచ్చేలా చెప్పే మనిషి ప్రత్యర్థి అనలిస్టు. పెద్ద క్లబ్బుల్లో దీనికో విభాగమే ఉంటుంది. డబ్బు తక్కువున్న ప్రొఫెషనల్ క్లబ్బులో చాలాసార్లు ఒక్కరే ఉంటారు. శిక్షణను వీడియో తీసేది, సొంత మ్యాచ్‌ను క్లిప్పులుగా కోసేది, ఆటగాళ్ల పరుగుల్ని కొలిచే జీపీఎస్ డేటా దించేది కూడా ఆ ఒక్కరే. మిగిలిన గంటల్లో ప్రత్యర్థిని చదవాలి. కాబట్టి చూసినదాంట్లో ఏది వదిలేయాలో తెలియడమే ఇక్కడ అసలు పనితనం. ఈ ఉద్యోగం మీదున్న అపోహలు చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనిదే పని సాగదు

వాస్తవం: సాఫ్ట్‌వేర్ చేసే మూల పని మూడు ముక్కలు. ఘటన జరిగిన క్షణానికి గుర్తు పెట్టడం (ట్యాగ్ చేయడం), దాని చుట్టూ క్లిప్ కోయడం, ఒకే రకం క్లిప్పుల్ని ఒకచోట చేర్చడం. స్పోర్ట్స్‌కోడ్ అయినా, నాక్‌స్పోర్ట్ అయినా, లాంగోమ్యాచ్ అయినా చేసేది ఇదే. ఏదీ లేకపోతే వీఎల్‌సీ ప్లేయర్ పక్కన ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి మ్యాచ్, సమయం, ఘటన, ఆటగాడు, ఏ వైపు అని ఐదు కాలమ్‌లు పెట్టుకున్నా సరిపోతుంది. క్లిప్పులు కోయడానికి ఇంకో పూట పడుతుందంతే.

డబ్బు ముందుగా పెట్టాల్సింది వీడియో మీద. టీవీ ప్రసారం బంతి వెంట పోతుంది. గోల్‌కీపర్ బంతి పట్టగానే రీప్లే వేస్తారు. అది అయ్యేసరికి అతను బంతి విసిరేసి ఉంటాడు. వెంటనే విసిరే కీపరా, ఆగి తన్నే కీపరా అన్న సంగతి మనకు దక్కదు. వాళ్లు దాడి చేస్తున్నప్పుడు వెనక ఎందరు మిగిలారు, సెంటర్ లైన్‌కి ఎంత దూరంలో నిలబడ్డారు అన్నవి అసలు ఫ్రేములోకే రావు. మన ఎదురుదాడికి కావలసిన సమాచారమంతా ఉండేది అక్కడే. అందుకే మధ్య గీతకు ఎదురుగా, ఎత్తు నుంచి, బంతికి దూరంగా ఉన్నవాళ్లు కూడా కనబడేలా తీసిన వైడ్ వీడియో కావాలి. కొన్ని లీగుల్లో క్లబ్బులు వీటిని పంచుకుంటాయి. ఆ ఏర్పాటు లేనిచోట, ఆ జట్టుతో ఈమధ్యే ఆడిన క్లబ్బు అనలిస్టును అడిగి, బదులుగా మన దగ్గరున్న వీడియో ఇవ్వాలి. సొంత కెమెరా అయితే ఆరేడు మీటర్ల ఎత్తున నిలపండి. అంతకంటే కిందికి వస్తే అవతలి అంచున ఉన్న ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు పడి, వరుసల మధ్య ఖాళీ ఎంతో తెలియదు.

నిల్వ లెక్క కూడా ముందే వేసుకోవాలి. సెకనుకు 5 మెగాబిట్ల (ఎంబీపీఎస్) నాణ్యతలో 90 నిమిషాలకు సుమారు 3.4 జీబీ, ఐదు మ్యాచ్‌లకు 17 జీబీ అవుతుంది. 30 మంది ప్రత్యర్థులున్నా 1 టీబీ డ్రైవు చాలు. రెండో ప్రతికి ఇంకో డ్రైవు మాత్రం తప్పనిసరి.

అపోహ: ఎన్ని మ్యాచ్‌లు చూస్తే అంత మంచిది

వాస్తవం: 2019 జనవరిలో లీడ్స్ యునైటెడ్ కోచ్ మార్సెలో బియెల్సా, డర్బీ కౌంటీ మీద తన సిబ్బంది చేసిన విశ్లేషణను విలేకరుల ముందు తెర మీద వేసి చూపించారు. అంతకుముందు సీజన్‌లో డర్బీ ఆడిన 51 మ్యాచ్‌లూ చూశామని, ఒక్కోదానికి 4 గంటలు పట్టిందని చెప్పారు. అంటే 204 గంటలు. ఆ సమాచారమంతా అవసరమేమీ కాదని కూడా ఆయనే ఒప్పుకున్నారు. ఒంటరి అనలిస్టుకు ప్రత్యర్థి మీద వారానికి మహా అయితే 12-15 గంటలు దొరుకుతాయి. వారం మధ్యలో మ్యాచ్ పడితే అందులో సగం కూడా ఉండవు. నాలుగైదు మ్యాచ్‌లకు మించి చూడలేం, చూడక్కర్లేదు కూడా. ఎంచుకోవడంలోనే ఉంది పనంతా.

ఇప్పుడున్న కోచ్ కింద ఆడినవే తీసుకోవాలి. చివరి రెండూ తప్పనిసరి. మనం వాళ్ల మైదానానికి వెళ్తుంటే అక్కడ ఆడినది ఒకటి ఉండాలి. మన అమరికతోనే ఆడే జట్టును వాళ్లు ఎదుర్కొన్న మ్యాచ్ ఒకటి వెతికి పట్టుకోవాలి. మనం ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో ఆడుతుంటే, ఇద్దరితో ఆడే జట్టు మీద వాళ్లు చేసిన ప్రెసింగ్ (బంతి ఉన్నవాళ్ల మీదికి వెళ్లి ఒత్తిడి పెట్టడం) చూసి లాభం లేదు. ఇంకొకటి వాళ్లు ముందుగా గోల్ ఇచ్చుకున్న మ్యాచ్ అయితే మేలు. రెడ్ కార్డు పడిన ఆటలో కార్డు తర్వాతి భాగాన్ని పక్కన పెట్టేయాలి. పదిమందితో ఎలా ఆడారన్నది వాళ్ల అలవాటు కాదు.

మొదటి మ్యాచ్‌ను ఆపకుండా చూడండి. రెండో, మూడో మ్యాచ్‌లను ట్యాగ్ చేయండి. మిగిలినవాటిలో గోల్స్, సెట్ పీస్‌లు (కార్నర్, ఫ్రీకిక్, త్రో-ఇన్ లాంటి ఆగిన బంతితో మొదలయ్యే ఘట్టాలు) చాలు. 90 నిమిషాల్లో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 55-60 నిమిషాలే కాబట్టి మధ్య విరామాలు దాటేయొచ్చు. కార్నర్‌కు ముందు విరామాన్ని మాత్రం దాటేయకూడదు. ఎవరు ఎక్కడికి నడిచి వెళ్తున్నారో అక్కడే తెలుస్తుంది.

అపోహ: కనిపించిందల్లా ట్యాగ్ చేయాలి

వాస్తవం: ఒక్కో రకం ఘటనకు ఒక్కో బటన్ చొప్పున 60 బటన్లున్న ప్యానెల్‌తో ఒక మ్యాచ్‌కి రోజంతా పడుతుంది, సగం బటన్ల కింద రెండేసి క్లిప్పులే మిగులుతాయి. 12-15 బటన్లు చాలు: గోల్ కిక్ నుంచి ఆట మొదలుపెట్టడం, ముందుకు తీసుకెళ్లడం, చివరి మూడో భాగంలో దాడి, పైన ప్రెసింగ్, కింద బ్లాక్ (తమ గోల్ ముందుకు దిగి గుంపుగా కాచుకోవడం), బంతి పోగానే, బంతి దొరకగానే, ఆపై కార్నర్, ఫ్రీకిక్, త్రో-ఇన్‌లకు వాళ్లు తీసుకునేవాటికి ఒకటి, వాళ్ల మీద అవతలి జట్టు తీసుకునేవాటికి ఒకటి. మామూలు క్లిప్‌కి ముందు 8 సెకన్లు, తర్వాత 5 సెకన్లు ఉంచండి. సెట్ పీస్‌కి ముందు 12 సెకన్లు కావాలి.

అపోహ: అంకెలు అబద్ధం చెప్పవు

వాస్తవం: 1950 మార్చి 18న ఇంగ్లండ్‌లో స్విండన్ టౌన్ ఆడుతుండగా, ఫుట్‌బాల్‌ను అంకెల్లో చదివిన తొలితరం విశ్లేషకుడు చార్ల్స్ రీప్ పెన్సిల్‌తో దాడులు నమోదు చేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది బ్రెంట్‌ఫోర్డ్ ఆయన సాయం తీసుకుంది. ఎక్కువ గోల్స్ మూడు లేదా అంతకంటే తక్కువ పాసుల తర్వాతే వస్తున్నాయి కాబట్టి బంతిని త్వరగా ముందుకు కొట్టాలని ఆయన తేల్చారు. కానీ బంతి మన దగ్గరున్న ఘట్టాల్లో అత్యధికం మూడు పాసుల లోపే ముగుస్తాయి. ఎక్కువసార్లు జరిగేదాంట్లోంచి ఎక్కువ గోల్స్ వస్తే వింతేముంది? అలాంటివి వంద జరిగితే గోల్స్ ఎన్ని అని అడగాలి.

ఇదే పొరపాటు ఈనాటి నివేదికల్లో ఇంకో వేషంలో కనిపిస్తుంది. ఐదు మ్యాచ్‌ల్లో వాళ్లకు 25 కార్నర్లు వచ్చాయనుకుందాం. కుడివైపు నుంచి 13, అందులో షార్ట్ కార్నర్లు (దగ్గరున్న సహచరుడికి పాస్ ఇచ్చినవి) 4. మిగిలిన 9లో 5 మొదటి పోస్టుకు (కొట్టే మూలకు దగ్గరున్న పోస్టుకు) వచ్చాయి. దీన్ని '56 శాతం' అని రాస్తే కోచ్ దాన్ని నియమంగా తీసుకుంటాడు. '9లో 5' అనే రాయాలి. అంత చిన్న లెక్క దగ్గర అంకె కంటే అమరికే ఎక్కువ చెబుతుంది. ఎడమకాలి ఆటగాడు కుడి మూల నుంచి బంతిని గోల్ వైపు తిప్పి కొడుతున్నాడు. ఒకరు మన కీపర్‌ను ఆనుకుని నిలబడ్డాడు. నలుగురు పెనాల్టీ స్పాట్ దగ్గర గుంపుగా ఉన్నారు. బంతి కదలకముందే వాళ్లలో ఒకడు మన బలమైన హెడర్‌కు అడ్డంగా నిలుస్తున్నాడు, అసలు పరుగు అతని వెనక నుంచి మొదటి పోస్టుకు వస్తోంది. ఈ వరస మూడుసార్లు కనబడితే అది అభ్యాసం చేసిన ఎత్తే. మన హెడర్‌ను గుంపులోంచి తీసి, ఎవరినీ అంటిపెట్టుకోకుండా ఆరు గజాల గీత మీద మొదటి పోస్టు ఎదుట నిలబెడితే అడ్డుకోవడానికి వాళ్లకు మనిషి దొరకడు. వెనక ఎందరిని ఉంచారో కూడా లెక్కపెట్టండి. ఇద్దరే అయితే మనం ఒకరిని మధ్య గీత దగ్గర వదిలేయొచ్చు.

చిన్న క్లబ్బు సమయం సెట్ పీస్‌ల మీద పెట్టడం మంచి బేరం. మొత్తం గోల్స్‌లో సుమారు పావు నుంచి మూడో వంతు దాకా వీటినుంచే వస్తాయి. పైగా మ్యాచ్ ముందురోజు 20 నిమిషాల్లో వీటిని అచ్చంగా అభ్యాసం చేయించవచ్చు.

అపోహ: తెలిసిందంతా ఆటగాళ్లకు చెప్పాలి

వాస్తవం: 2006 జూన్ 30న బెర్లిన్‌లో జర్మనీ-అర్జెంటీనా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ పెనాల్టీలకు వెళ్లింది. కీపింగ్ కోచ్ ఆండ్రియాస్ కోప్కే హోటల్ కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చిన చీటీ జర్మనీ కీపర్ యెన్స్ లేమన్ దగ్గర ఉంది. అందులో అర్జెంటీనా ఆటగాళ్ల ఏడు పేర్లు, ఒక్కో పేరుకు రెండు మూడు మాటలు. వాళ్లలో కిక్ కొట్టడానికి వచ్చింది అయాలా, మాక్సి రోడ్రిగెజ్ ఇద్దరే. అయాలా కిక్‌ను లేమన్ ఆపాడు. చివర వచ్చిన కాంబియాసో పేరు చీటీలోనే లేదు. అయినా లేమన్ కాగితం తీసి చూసి, ఆ కిక్‌నూ ఆపాడు. చీటీలో ఉన్న రికెల్మే స్థానంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగినవాడే కాంబియాసో. పెనాల్టీ జాబితా 120వ నిమిషానికి మైదానంలో మిగిలేవాళ్ల కోసం రాయాలి, బెంచీ మీదివాళ్లను కలుపుకుని.

రాతలో ఆ పొదుపు మిగతా పనికీ కావాలి. కోచ్‌కు రెండు పేజీలు, ఆటగాళ్లకు ఒక పేజీ. సమావేశం 10-12 నిమిషాలు, 12 క్లిప్పులు, ఒక్కోటి 15 సెకన్లు. చెప్పేవి మూడే: బంతి మన దగ్గరున్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి, సెట్ పీస్‌లో ఒకటి. 'వాళ్ల కుడి ఫుల్‌బ్యాక్ బాగా ముందుకొస్తాడు' అంటే మన లెఫ్ట్ వింగర్ ఏం చేయాలో అతనికి తెలియదు. 'బంతి దొరకగానే నీ మొదటి పరుగు అతని వెనక్కి' అంటే తెలుస్తుంది. క్లిప్పులు ఫోన్‌కి పంపేటప్పుడు మెసేజింగ్ యాప్ వీడియోను కుదించేస్తుంది, వైడ్ వీడియోలో ఆటగాడు చుక్కైపోతాడు. ముందే జూమ్ చేసి, వృత్తం గీసి పంపాలి.

అపోహ: హాఫ్‌టైమ్‌లో తీరిగ్గా వీడియో చూపించవచ్చు

వాస్తవం: 15 నిమిషాల విరామంలో నడక, నీళ్లు, ఫిజియో పోగా అనలిస్టుకు దక్కేది రెండు మూడు నిమిషాలు. క్లిప్పులు 42వ నిమిషానికల్లా సిద్ధంగా ఉండాలి, రెండే చాలు. 2018 నుంచి ఆట నియమాలు టెక్నికల్ ఏరియాలో (కోచ్‌లు, సబ్‌స్టిట్యూట్‌లు ఉండే చోట) చేతిలో పట్టే చిన్న పరికరాలను అనుమతిస్తున్నాయి కాబట్టి డగౌట్‌కి నేరుగా పంపొచ్చు. స్టేడియం నిండాక మొబైల్ నెట్ పడిపోతుంది. సొంత రూటర్ గానీ కేబుల్ గానీ ఉండాలి.

అపోహ: దొంగచాటుగా శిక్షణ చూడటమూ ఇందులో భాగమే

వాస్తవం: కాదు. డర్బీ శిక్షణ చూడటానికి మనిషిని పంపినందుకు 2019లో లీడ్స్‌కు 2 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మ్యాచ్‌కు ముందు 72 గంటల్లో ప్రత్యర్థి శిక్షణను చూడకూడదని ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ నియమమూ తెచ్చింది. టికెట్ కొని వాళ్ల మ్యాచ్‌కు వెళ్లడం మాత్రం దండగ కాదు. కీపర్ వార్మప్‌లో ఏ కాలితో దూరం కొడుతున్నాడు, వెనక వరుసను ఎవరి గొంతు నడిపిస్తోంది అన్నవి ఏ కెమెరాకూ అందవు.

అపోహ: గెలిస్తే నివేదిక సరైనట్టే

వాస్తవం: ఫలితానికీ నివేదికకూ నేరుగా లంకె లేదు. మ్యాచ్ మర్నాడు ఒక పట్టిక నింపాలి: మనం చెప్పింది ఏమిటి, అది జరిగిందా, ఏ నిమిషంలో, మనవాళ్లు అనుకున్నట్టు స్పందించారా. చెప్పింది జరగకపోతే మ్యాచ్‌ల ఎంపిక తప్పి ఉండొచ్చు, లేదా వాళ్లు మన కోసమే ఆట మార్చుకుని ఉండొచ్చు. జరిగినా మనవాళ్లు స్పందించకపోతే సమావేశంలోనో అభ్యాసంలోనో లోపముంది, దాన్ని కోచ్‌తో కూర్చుని తేల్చుకోవాలి. అదే జట్టుతో సీజన్ రెండో మ్యాచ్ వచ్చినప్పుడు మొట్టమొదట తెరవాల్సిన ఫైలు ఈ పట్టికే.