గొంతుకు తగిన మైకు: ఇంటి రికార్డింగ్‌లో అపోహలు, వాస్తవాలు

గాయనీగాయకుల గొంతులు రికార్డు చేయడం నా వృత్తి. ఈ మధ్య అందులో సగం పని వారి ఇళ్లలోనే, పడకగదుల్లోనే జరుగుతోంది. అక్కడికి వెళ్లగానే కొత్త మైకు పెట్టె తెచ్చి చూపిస్తారు. నేను మాత్రం ముందు మైకు లేకుండా ఒక పల్లవి పాడమని అడుగుతాను. ఆ గొంతులో ఏది ఎక్కువగా ఉందో, ఏది తక్కువగా ఉందో తెలిసిన తరువాతే మైకు సంగతి మాట్లాడగలం.

అపోహ: ఖరీదైన మైకు ఏ గొంతునైనా అందంగా వినిపిస్తుంది.

వాస్తవం: ప్రతి మైకు కొన్ని పౌనఃపున్యాలను (ధ్వనిలోని సన్న, మంద్ర స్థాయులను) పైకి లేపుతుంది, కొన్నింటిని అణచివేస్తుంది. గాత్రం కోసం అమ్మే కండెన్సర్ మైకుల్లో (విద్యుత్తుతో నడిచే సున్నితమైన రకం) చాలావాటికి 8,000 నుంచి 12,000 హెర్ట్జ్ ప్రాంతంలో, అంటే బాగా సన్నని ధ్వనుల దగ్గర, ఒక మెరుపు (పెంపు) ఉంటుంది. ఆ మెరుపు మందమైన గొంతుకు స్పష్టతనిస్తుంది కానీ, సహజంగానే పదునుగా ఉన్న గొంతును గీరుకునేలా చేస్తుంది. ఒక గాయని ఎంతో ఇష్టంగా కొనుక్కున్న కండెన్సర్‌లో ఆమె పలికిన ప్రతి ‘స’కారమూ హెడ్‌ఫోన్‌లో సూదిలా గుచ్చుకుంది. ‘చలి’, ‘చుక్క’, ‘జడ’ వంటి మాటల్లో మనం దంతాల దగ్గర పలికే చ, జ లు అంతకంటే ఇబ్బంది పెట్టాయి. మైకుల సమీక్షలు చేసేవారెవరూ ఈ మాటలు పాడి చూపించరు కదా! అదే పల్లవిని నా సంచిలో ఉన్న షూర్ ఎస్‌ఎం58 అనే డైనమిక్ మైకు (తీగచుట్ట, అయస్కాంతంతో పనిచేసే దృఢమైన రకం) మీద పాడించాను. 1966 నుంచి వేదికల మీద కనిపిస్తున్న ఆ మైకు 15,000 హెర్ట్జ్ వరకే పనిచేస్తుంది, పై అంచుల్లో పెద్దగా మెరుపు ఉండదు. ఆ గొంతుకు కావలసింది సరిగ్గా అదే. మైకును నోటికి నేరుగా కాకుండా బుగ్గ వైపు కొద్దిగా జరిపేసరికి మిగిలిన పదును కూడా తగ్గింది.

అపోహ: డైనమిక్ మైకులు వేదికలకే, రికార్డింగ్‌కు కండెన్సరే ఉండాలి.

వాస్తవం: 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో గానంలో చాలా భాగానికి వాడింది షూర్ ఎస్‌ఎం7 అనే డైనమిక్ మైకునే. అలాగని అందరూ దాని వారసురాలైన ఎస్‌ఎం7బి వెంట పడటమూ సరికాదు. దాని సంకేతం చాలా బలహీనం కనుక ప్రీయాంప్ (మైకు సంకేతాన్ని పెంచే పరికరం) దాదాపు 60 డెసిబెల్‌ల గెయిన్ (పెంపు) ఇవ్వవలసి ఉంటుంది. లాలిపాటలా మెత్తగా పాడేవారి విషయంలో, చౌక ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) అంత గెయిన్ ఇచ్చేటప్పుడు పాటతోపాటు బుస్సుమనే రొద కూడా పైకి వస్తుంది. అటువంటి మెత్తని గొంతుకు, సన్నని గమకాలకు మైకు తీగలోనే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడిచే కండెన్సరే నయం.

అపోహ: కండెన్సర్ గదినంతా వింటుంది, డైనమిక్ గొంతును మాత్రమే వింటుంది.

వాస్తవం: నేను తరచుగా వినే మాట ఇది, నేను కూడా చాలాకాలం నమ్మిన మాట. ఒకే రకం గ్రహణ దిశ ఉన్న రెండు మైకులను ఒకే దూరంలో పెట్టి, రెండింటి స్థాయినీ సమానం చేసి వింటే, గది ప్రతిధ్వని రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. డైనమిక్‌ను పెదవులకు బెత్తెడు దూరంలో, కండెన్సర్‌ను జానెడుకు పైగా దూరంలో పెట్టే అలవాటు వల్లనే మనకు ఆ తేడా కనిపిస్తుంది. దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది, గదిలో తిరుగుతున్న ధ్వని మాత్రం తగ్గదు. టైల్స్ నేల, సిమెంటు గోడలు, ఖాళీ మూలలు ఉన్న మన గదుల్లో ఈ లెక్క మరీ కఠినంగా ఉంటుంది. ఎక్కువగా వాడే కార్డియాయిడ్ (ముందు వైపు ధ్వనిని ఎక్కువగా వినే) మైకు వెనుక వైపు ధ్వనిని అతి తక్కువగా గ్రహిస్తుంది కనుక, దాని వీపును కిటికీకో కంప్యూటర్‌కో తిప్పి ఉంచాలి. చాలామంది మైకు వెనుక ఫోమ్ తెర కడతారు. కానీ మైకు ముఖం చూస్తున్నది గాయకుడినీ, అతని వెనుక ఉన్న గోడనూ కనుక, బొంత వేలాడదీయవలసిన చోటు ఆ గోడ. చీరలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి పాడినా మేలే. ఇక సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటే, 5 డెసిబెల్‌ల సొంత రొద మాత్రమే ఉన్న మైకుకు డబ్బు పోసి ప్రయోజనం లేదు.

అపోహ: ఎంత దగ్గరగా పాడితే గొంతు అంత నిండుగా వస్తుంది.

వాస్తవం: కార్డియాయిడ్ వంటి ఏకదిశా మైకులకు నోరు దగ్గరయ్యే కొద్దీ కింది పౌనఃపున్యాలు పెరుగుతాయి. సన్నని గొంతుకు ఇది ఉచితంగా వచ్చే బలం. మంద్రస్థాయిలో గంభీరంగా పాడేవారికి మాత్రం ఇదే బరువై మాటలు ముద్దగా వినిపిస్తాయి. పల్లవిలో మైకుకు అతుక్కుని, తారస్థాయికి వెళ్లినప్పుడు తల వెనక్కి తీసే అలవాటున్నవారి గొంతు ఒకే పాటలో ఇద్దరు మనుషులు పాడినట్లు ఉంటుంది. వేదిక మీద పనికొచ్చే ఆ అలవాటును ఇంట్లో తగ్గించుకోవాలి, తారస్థాయికి తగినట్లు గెయిన్‌ను ముందే తగ్గించి పెట్టుకోవాలి. ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడు వచ్చే గాలిదెబ్బకు పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే పలుచని తెర) తప్పనిసరి.

అపోహ: ఆడవారికి ఒక రకం మైకు, మగవారికి ఒక రకం మైకు.

వాస్తవం: దుకాణాల్లో చెప్పే మాట. పదునైన మగ గొంతులూ ఉన్నాయి, మందమైన ఆడ గొంతులూ ఉన్నాయి.

అపోహ: ఏ లోపమున్నా తరువాత ఈక్యూతో (పౌనఃపున్యాలను పెంచి, తగ్గించే సాధనంతో) సరిదిద్దవచ్చు.

వాస్తవం: కొంత సరిదిద్దవచ్చు. గది ప్రతిధ్వనిని మాత్రం ఈక్యూ తీసివేయలేదు. పదునైన ‘స’ను డీ-ఎస్సర్‌తో (అలాంటి పదును తగ్గించే సాధనంతో) ఎక్కువగా అణచివేస్తే గాయకుడికి నాలుక మందమైనట్లు వినిపిస్తుంది.

రెండు మైకులను పోల్చేటప్పుడు కాస్త గట్టిగా వినిపించినదే మంచిదనిపిస్తుంది కనుక, రెండింటి స్థాయినీ ముందు సమానం చేయండి. తరువాత ఇంట్లో ఎవరిచేతనైనా ఫైళ్లకు 1, 2 అని పేర్లు మార్పించి, ఏది ఏ మైకో తెలియకుండా, తాళం ట్రాక్‌తో కలిపి ఒకసారి, ఫోన్ స్పీకర్లో ఒకసారి, మరునాడు ఉదయం ఇంకొకసారి వినండి.