పొద్దుగుంకే తీరం ఫొటోల్లో అడ్డొచ్చేవాటిని తీసేయడం: అపోహలు - వాస్తవాలు

"సార్, వెనకాల ఆ ఒక్క మనిషిని తీసేయండి, ఇంకేమీ చేయనవసరం లేదు." విశాఖపట్నంలో ఫొటోలు దిద్దే పని మొదలుపెట్టిన నాటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. పెళ్లికి ముందు జంటలు తీయించుకున్నవి, గోవా, గోకర్ణం విహారాల్లో తీసినవి, రిసార్టుల ప్రకటనలకు తీసినవి, ఏవైనా సరే, సాయంకాలపు సముద్రం ఉందంటే ఆ 'ఒక్క మనిషి' కూడా ఉంటాడు. అతను లేకపోతే ముంత మసాలా బండి ఉంటుంది. అదీ లేకపోతే ఫొటో అంచున సగం గుర్రం. వీటిని తీయడం ఇప్పుడు పెద్ద పని కాదు. తీసిన సంగతి తెలియకుండా తీయడమే పని. అక్కడే అపోహలన్నీ.

అపోహ: మనిషిని చెరిపితే మనిషి పోయినట్టే.

వాస్తవం: పొద్దువాలిన తీరంలో ఏ మనిషీ ఒక్కచోటే ఉండడు. పాదాల కింద తడి ఇసుకలో తలకిందులుగా ఇంకొకడు ఉంటాడు. ఎండకు ఎదురుగా తీసిన ఫొటో అయితే నీడ రూపంలో మన కెమెరా వైపే పాకి వచ్చినవాడు మరొకడు. నడిచివచ్చిన దారంతా అడుగుజాడలు. కాళ్లను తాకి చీలిపోయిన నురుగు గీత కూడా అతని ఖాతాలోదే.

నీడను చాలామంది తక్కువ అంచనా వేస్తారు. సూర్యుడు దిగంతానికి 5 డిగ్రీల ఎత్తులో, అంటే అస్తమించడానికి సుమారు 20 నిమిషాల ముందు, నీడ పొడవు వస్తువు ఎత్తుకు 11 రెట్లు దాటుతుంది. అయిదున్నర అడుగుల మనిషికి 60 అడుగులకు పైగా నీడ! మనిషి ఫొటోలో దూరంగా బొటనవేలంత ఉన్నా, నీడ మాత్రం ముందుభాగం దాకా వస్తుంది.

గోకర్ణంలోని ఓం బీచ్‌లో తీసిన ఒక ఫొటోతో నేనే బోల్తా పడ్డాను. బంతి ఆడుతున్న కుర్రవాణ్ని, ఇసుకలో అతని ప్రతిబింబాన్ని, గాలిలో ఉన్న బంతిని కూడా శుభ్రంగా తీసేశాను. పెద్ద ప్రింటు వేసి, చట్రం కట్టించి, గోడకు తగిలించాక ఆ ఇంటావిడ నిదానంగా అడిగారు: "ఇక్కడ ఈ గుండ్రటి నీడ ఎవరిదండీ?" బంతిది. ప్రింటు మళ్లీ నా ఖర్చుతోనే వేయించాను.

ఆ రోజు నుంచి నా వరుస మారింది. ముందు నీడ, తర్వాత ప్రతిబింబం, తర్వాత అడుగుజాడలు, అన్నిటికన్నా చివర మనిషి. మనిషిని ముందే తీసేస్తే మిగతావి ఎవరివో ఆనవాలు పట్టడం కష్టం. మనిషి కళ్లముందు ఉన్నంతసేపూ తన సామానంతా తానే చూపిస్తాడు. ప్రతిబింబం ఎప్పుడూ వస్తువుకు నిలువుగా కిందనే ఉంటుంది. నీడ మాత్రం సూర్యుడికి ఎదురు దిక్కున పడుతుంది. రెంటినీ ఒకేచోట వెతకకండి.

అపోహ: ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది కదా, ఒక్క నొక్కుతో అయిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు అవుతుంది, కాదనను. 2002లో ఫొటోషాప్ 7లో మచ్చలను మాన్పే హీలింగ్ బ్రష్ వచ్చింది. 2010లో ఫొటోషాప్ సీఎస్5తో చుట్టూ ఉన్నదాన్ని చూసి ఖాళీని నింపే కంటెంట్ అవేర్ ఫిల్ వచ్చింది. 2021లో గూగుల్ పిక్సెల్ ఫోనులోకి మ్యాజిక్ ఇరేజర్, 2023లో ఫొటోషాప్‌లోకి జనరేటివ్ ఫిల్ వచ్చాయి. ఒకప్పుడు అరపూట పట్టిన పని ఇప్పుడు టీ చల్లారేలోపు ముగుస్తుంది.

కానీ దీనిలో ఒక తమాషా ఉంది. మనిషి చుట్టూ మాత్రమే గీత గీసి, నీడను బయట వదిలేసి, తీసేయమని చెప్పి చూడండి. చాలాసార్లు అక్కడ ఇంకో మనిషి ప్రత్యక్షమవుతాడు. లేదా ఒక రాయి, ఒక గుంజ. పాపం, ఆ మేధ తప్పేమీ లేదు. నీడ ఉంది కాబట్టి నీడకు తగిన వస్తువు ఉండాలని దాని లెక్క. నీడను, ప్రతిబింబాన్ని కలిపి, చుట్టూ కొంచెం ఇసుకను కూడా చేర్చి గీత గీస్తే నూతన పురుషుడు రాడు.

రెండో చిక్కు దిగంతరేఖ దగ్గర. హీలింగ్ బ్రష్ మనం చూపించిన చోటి నుంచి గరుకుదనాన్ని తీసుకుని, రంగునూ వెలుతురునూ చుట్టుపక్కల నుంచి కలుపుకుంటుంది. ఆకాశం మధ్యలో, ఇసుక మధ్యలో ఇది దివ్యంగా పనిచేస్తుంది. కానీ పడవ తెరచాప కొయ్య ఆకాశాన్నీ సముద్రాన్నీ కోసే చోట దాన్ని వాడితే సముద్రపు నలుపు ఆకాశంలోకి మసిలా పాకుతుంది. అక్కడ ఒకచోటి బొమ్మను ఉన్నదున్నట్టు మరోచోట అచ్చువేసే పాత క్లోన్ స్టాంపే దిక్కు. కుంచె అంచును కొంచెం గట్టిగా పెట్టుకుని, అదే దిగంతరేఖ మీద పక్కన ఒక బిందువును పట్టుకుని, గీత గీతకు అతికేలా దిద్దాలి. గీత ఒక్క పిక్సెల్ జారినా కన్ను పట్టేస్తుంది.

అసలు దిగంతరేఖే వంకరగా ఉంటే ముందు దాన్ని సమం చేయండి. 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో ఒక్క డిగ్రీ వాలు అంటే ఆ చివరకు ఈ చివరకు 105 పిక్సెళ్ల తేడా. సముద్రం ఒక పక్కకు ఒలికిపోతున్నట్టుంటే మనుషులను తీసి ప్రయోజనం లేదు. పైగా సమం చేసి, అంచులు కత్తిరించాక సగం అడ్డంకులు వాటంతటవే బయటికి పోతాయి. ఆ సగం గుర్రం మీద గంటసేపు కష్టపడి, చివర్లో అది ఉన్న అంచునే కత్తిరించిన సందర్భం నాకూ ఉంది.

అపోహ: ఆకాశంలో ఆ మచ్చలు దూరపు పక్షులు.

పక్షులు ప్రతి ఫొటోలోనూ ఒకే చోట ఎగరవు. అవి కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ మీద ధూళి. లెన్సు రంధ్రం పెద్దగా ఉండే ఎఫ్2.8 దగ్గర కనిపించనివి, రంధ్రం చిన్నదయ్యే ఎఫ్16, ఎఫ్22 దగ్గర బూడిదరంగు చుక్కల్లా తేలుతాయి. సాయంకాలపు ఆకాశం నున్నగా ఉంటుంది కాబట్టి దాక్కోవడానికి చోటుండదు. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మచ్చలను తెల్లగా మెరిపించి చూపే సదుపాయం ఉంది, వాడండి. లెన్సు మీద పడిన ఉప్పు తుంపర్లు వేరే జాతి. ఎండకు ఎదురుగా అవి ఉబ్బిన బుడగల్లా కనిపిస్తాయి, తర్వాత దిద్దడం నరకం. ముందు బ్లోయర్‌తో ఇసుక రేణువులను ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. వరుస తిరగబడితే లెన్సును మీరే గీరినట్టు.

అపోహ: దిగంతం మీద ఆ నీలిబూడిద పట్టీ మసక. డీహేజ్ (మసకను తగ్గించే మీట) జరిపి తీసేయాలి.

దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఇది మన తీరానికి సొంత సమస్య. ఆంధ్ర తీరం తూర్పు ముఖం. ఆర్.కె. బీచ్‌లోనైనా, రుషికొండలోనైనా, భీమిలిలోనైనా సూర్యుడు మన వీపు వెనుక, ఊరి వెనుక, కొండల వెనుక దిగుతాడు. సాయంత్రం మనవాళ్లు తీసే 'సూర్యాస్తమయం' ఫొటోలో నిజానికి సూర్యుడే ఉండడు. సూర్యుడికి ఎదురుగా ఉన్న ఆకాశం ఉంటుంది.

ఆ ఆకాశానికి దాని నాటకం దానికుంది. పొద్దుగుంకిన కొద్ది నిమిషాలకు సముద్రం మీద నీలిబూడిద రంగు పట్టీ ఒకటి లేస్తుంది. దాని పైన గులాబీ రంగు పట్టీ ఉంటుంది. గులాబీని వీనస్ బెల్ట్ అంటారు. కింది నీలిబూడిద మబ్బూ కాదు, పొగా కాదు, అది భూమి నీడ. మనం నిలబడిన భూమి తన సొంత గాలి మీద వేసిన నీడ. సూర్యుడు దిగేకొద్దీ అది పైకి పాకుతూ గులాబీని మింగేస్తుంది. తూర్పు తీరంలో ఉండి ఎదురుగా సముద్రం మీద దీన్ని చూడగలగడం మన అదృష్టం. గోవా వారికి సాయంత్రం సముద్రం మీద ఇది కనిపించదు, వారి వీపు వెనుక ఉంటుంది.

డీహేజ్ గట్టిగా జరిపితే ఆ పట్టీ మురికి నీలంగా మారుతుంది, గులాబీ ఊదాలోకి జారుతుంది, రెండింటి మధ్య మెత్తటి కలయిక తెగుతుంది. తీసేయాల్సినవాటి జాబితాలో భూమి నీడను చేర్చవద్దని నా మనవి.

అపోహ: సూర్యుడు లేకపోతే ఏముంది, పెట్టేద్దాం.

ఒక రిసార్టు వారు నిజంగానే అడిగారు. బంగాళాఖాతంలో, గది వరండాకు ఎదురుగా, ఎర్రటి సూర్యుడు మునుగుతూ ఉండాలి. "అది ఉదయం ఫొటో అని చెప్పుకుందామా?" అన్నాను. ఉదయం అయితే అతిథులు లేవరని జవాబు. ఆ పని నేను చేయలేదు. వేరే ఎవరో చేశారు. సూర్యుడు పొంగిన పూరీ అంత వచ్చాడు.

నీతి సంగతి అలా ఉంచినా, లెక్క కుదరదు. ఫోకల్ లెంగ్త్‌ను, అంటే మిల్లీమీటర్లలో చెప్పే లెన్సు కొలతను, సుమారు 110తో భాగిస్తే సెన్సర్ మీద సూర్యుడి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. వరండా అంతా పట్టేలా 24 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే సూర్యుడు పావు మిల్లీమీటరు కూడా ఉండడు, ఒక గింజ. పూరీ కావాలంటే 400 మిల్లీమీటర్ల లెన్సు కావాలి, అప్పుడు వరండా పట్టదు. పైగా నీటి మీద మెరుపు దారి సూర్యుడి కింద నిలువుగా మన వైపే రావాలి, మనుషుల ముందువైపు చీకటి కావాలి, నీడలు మన వైపు తిరగాలి. ఒక సూర్యుణ్ని పెడితే ఊరంతా మార్చాలి.

అపోహ: తీరం ఖాళీగా ఉంటేనే అందం.

2020 అక్టోబరులో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ విశాఖలోని తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొదట్లో నాకు వచ్చిన ఫొటోల్లో ఒకటి రెండింటికి ఆ ఓడను తీసేయమన్న కోరిక ఉంది. కొన్నాళ్లకు ఊరంతా ఓడ కోసమే కెమెరా పట్టుకుని వెళ్లింది. అడ్డు ఏదో, విషయం ఏదో ఫొటో తీసినవారు తేల్చుకోవాలి, బ్రష్ తేల్చదు.

మత్స్యకారుల నాటు పడవలనూ, ఆరబెట్టిన వలలనూ తీసేయమంటే నేను ఒకసారి వారిస్తాను. అవి లేకపోతే ఆ తీరం ఏ దేశందో తెలియదు. చాలాచోట్ల తీయనే అక్కర్లేదు. కన్ను ముందు వెలుగు దగ్గరకు, కొట్టొచ్చే రంగు దగ్గరకు పరుగెత్తుతుంది. అంచుల్లో ఉన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని చెరిపే బదులు దాని రంగును సగానికి తగ్గించి, కొంచెం చీకటి చేయండి. కుర్చీ అక్కడే ఉంటుంది, చూపు మాత్రం అటు వెళ్లదు. నేను ఫొటోను అగ్గిపెట్టె అంత చేసి, ఎడమ కుడులు తిప్పి చూస్తాను. అప్పుడు కూడా గుచ్చుకునేది మాత్రమే తీయాల్సినది.

అపోహ: ఫొటో తీసేటప్పుడు ఎందుకు శ్రమ, తర్వాత కంప్యూటర్‌లో చూసుకుందాం.

తీరంలో అర నిమిషం పని ఇంట్లో గంట పని. లెన్సు ముందు పెట్టే నల్ల అద్దం, అంటే 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, వెలుతురును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. షట్టర్‌ను సెకనులో 30వ వంతు తెరవాల్సిన చోట అర నిమిషం తెరిచి ఉంచవచ్చు, నడిచేవాళ్లందరూ మాయమవుతారు. నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లు మాత్రం దయ్యాల్లా మిగులుతారు. సూర్యుడు ఫొటోలో ఉంటే ఆ అర నిమిషంలో తన వ్యాసంలో పావు వంతు కదిలిపోతాడు, అదీ గుర్తుంచుకోవాలి.

ఫిల్టర్ లేకపోతే ట్రైపాడ్ మీద, కెమెరా కదల్చకుండా, రెండు మూడు సెకన్లకు ఒకటి చొప్పున 15 ఫొటోలు తీయండి. ఫొటోషాప్‌లో వాటిని పేర్చి మీడియన్ (ప్రతి చోటా అన్ని ఫొటోల నడిమి విలువను తీసుకునే పద్ధతి) ఇస్తే సగం కన్నా తక్కువ ఫొటోల్లో ఒకచోట ఉన్నవన్నీ పోతాయి. అయితే తొందరగా తీయాలి. మన అక్షాంశాల్లో సూర్యబింబం దిగంతాన్ని తాకి పూర్తిగా మునగడానికి రెండు, రెండున్నర నిమిషాలే పడుతుంది, వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది.

లెన్సులో పుట్టే ఆకుపచ్చ, ఊదా వెలుగు చుక్కలకు ఇంకా తేలిక ఉపాయం ఉంది. ఒకటి మామూలుగా తీయండి. రెండోది బొటనవేలితో సూర్యుణ్ని కప్పి తీయండి. వేలు ఉన్న ఫొటోలో చుక్కలు ఉండవు. ఆ భాగాన్ని మొదటిదాని మీద వేసుకుంటే చాలు. చుక్కలు ఎక్కడున్నాయో వెతకడమూ సులువే: సూర్యుడి నుంచి ఫొటో నడిమధ్య మీదుగా ఒక గీత గీస్తే సాధారణంగా ఆ గీత మీదే ఉంటాయి.

అపోహ: ఆకాశంలో గీతలు గీతలుగా మెట్లు పడటం ప్రింటు తప్పు.

చాలావరకు మన తప్పే. 8 బిట్ల ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే. పసుపు నుంచి నీలానికి సాగే ఆకాశాన్ని మళ్లీ మళ్లీ దిద్దితే మెట్లు బయటపడతాయి. రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఇచ్చే మూల ఫైలు) నుంచి 16 బిట్లలో తెరిచి దిద్ది, చివర మాత్రమే జేపెగ్ చేయండి. దిద్దినచోట రేణువు పోయి ప్లాస్టిక్‌లా కనిపిస్తే కొంచెం గ్రెయిన్ (కృత్రిమ రేణువు) చల్లండి.

అపోహ: ఏదైనా తీసేస్తే అది మోసం. ఇంకొందరికి దీని తిరగేసిన అపోహ: ఏం తీసేసినా ఫరవాలేదు.

1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంలో, నిలువు అట్టకు సరిపోవడానికి గిజా పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరకు జరిపారు. ఆ చర్చ ఈనాటికీ నడుస్తూనే ఉంది. వరల్డ్ ప్రెస్ ఫొటో, వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ వంటి పోటీల నియమాల్లో సెన్సర్ ధూళిని తీయవచ్చు, వస్తువులనూ మనుషులనూ తీయకూడదు, చేర్చకూడదు. అనుమానం వస్తే రా ఫైలు అడుగుతారు. పెళ్లి ఆల్బమ్‌కు ఆ నియమం లేదు, ముంత మసాలా బండిని నిశ్చింతగా తీసేయవచ్చు.

అందుకే నా హార్డ్ డిస్కులో ప్రతి తీరం ఫొటోకూ రెండు ఫోల్డర్లు ఉంటాయి. ఒకదాని పేరు 'ధూళి', రెండోదాని పేరు 'బండి, గుర్రం వగైరా'. పోటీలకు పంపేవాళ్లకు మొదటిది ఇస్తాను, పెళ్లివారికి రెండోది.