ముడిచమురుకు దొడ్డిదారి ఉంది, గ్యాస్‌కు లేదు

హోర్ముజ్ అనగానే పెట్రోలు ధర గురించే మాట్లాడుకుంటాం. కానీ అక్కడ గొడవ మొదలైతే ముందు చిక్కులో పడేది గ్యాస్.

ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య ఉన్న ఈ జలసంధి బాగా ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పు. ఓడలు వెళ్లే దారి, వచ్చే దారి ఒక్కోటి 3 కిలోమీటర్లే. 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ల చమురు ఇటుగా సాగింది, అంటే ప్రపంచ వాడకంలో ఐదో వంతు. దీన్ని ఆపడానికి నౌకాదళంతో అడ్డుకట్ట వేయక్కర్లేదు. ఒకటి రెండు ఓడల మీద దాడి జరిగితే చాలు, యుద్ధ బీమా ప్రీమియం ఎగబాకుతుంది. ఓడ విలువలో పావు శాతం ఉన్న రేటు ఒక శాతానికి చేరిందనుకోండి. 10 కోట్ల డాలర్ల ట్యాంకరుకు ట్రిప్పుకు రెండున్నర లక్షలు కాస్తా 10 లక్షల డాలర్లవుతుంది. యజమానులు లంగరు దించి కూర్చుంటారు.

ముడిచమురుకైతే పక్కదారులున్నాయి. సౌదీ అరేబియాకు అబ్కైక్ నుంచి ఎర్రసముద్రం ఒడ్డున యాన్బు దాకా పైపులైను ఉంది. యూఏఈకి హబ్షాన్ నుంచి హోర్ముజ్ బయట ఉన్న ఫుజైరాకు మరొకటి, 2012 నుంచి నడుస్తోంది. సరుకంతా వీటిలో పట్టదు గానీ కొంతైనా బయటపడుతుంది. గ్యాస్ సంగతి వేరు. ఖతార్ ఎల్‌ఎన్‌జీ అంటే మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు. అక్కడి రాస్ లఫాన్ రేవులో ఓడకెక్కాక హోర్ముజ్ దాటాల్సిందే. ఆగిపోయిన ఓడలోనూ అది రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది. గల్ఫ్ లోపలి రేవుల్లో నింపుకునే వంటగ్యాస్ ఎల్‌పీజీకీ వేరే దారి లేదు. మనం వాడే ఎల్‌పీజీలో సుమారు 60 శాతం దిగుమతే, అందులో ఎక్కువ అక్కడిదే.

పోనీ దాచుకుందామా? విశాఖ, మంగళూరు, పాదూరు గుహల్లో 53.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. ఎల్‌పీజీ అంత తేలిగ్గా లొంగదు. విశాఖలో దానికి వేరే గుహ ఉంది, సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల కింద. ఇలాంటి గుహలకు ఉక్కు తొడుగు ఉండదు, ఉత్త రాయే. గ్యాస్‌ను పట్టి ఉంచేది రాతి పగుళ్లలోని నీరు. 30 డిగ్రీల దగ్గర ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ ఒత్తిడి సుమారు 10 బార్లు, 10 మీటర్ల నీటి ఒత్తిడి ఒక బారు. కాబట్టి 100 మీటర్లకు మించిన లోతు తప్పదు. అప్పుడు నీరు లోపలికి ఊరుతుందే తప్ప గ్యాస్ బయటికి పోదు. అడుగున చేరే ఊటనీటిని పంపులతో తోడాలి, గుహ పైనున్న బోర్లలోకి నీళ్లు పంపుతూ ఉండాలి. ఆ నీటి తెర ఎండిందా, గ్యాస్ పగుళ్ల వెంట పైకి దారి వెతుక్కుంటుంది.

ఇంతా చేసి ఆ గుహలో పట్టేది 60 వేల టన్నులు, అంటే 14.2 కిలోల గ్యాస్ బండలు 42 లక్షలు. దేశం ఒక్క రోజులో వాడేది 80 వేల టన్నుల పైమాటే.