చెరువు ఒడ్డు గురించి అపోహలు - వాస్తవాలు

చెరువుల పునరుద్ధరణ పనుల మీద తెలంగాణ ఊళ్లలో తిరిగే మాకు ఒడ్డు విషయంలో దాదాపు ఇవే మాటలు ఎదురవుతుంటాయి.

అపోహ: వేసవిలో ఎండిపోయే శిఖం భూమి (చెరువు లోపలి నేల) చెరువులో భాగం కాదు.

వాస్తవం: మత్తడి (నిండిన చెరువులో మిగులు నీరు పొర్లిపోయే చోటు) దూకే మట్టం వరకు నీరు పరచుకునే నేలంతా చెరువే. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్ల మేర కట్టడాలు ఉండరాదని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి.

అపోహ: జమ్ము, తుంగ పీకించి చుట్టూ రాయి పరిస్తే చెరువు బాగుపడుతుంది.

వాస్తవం: అలల తాకిడికి కోసుకుపోకుండా కట్ట లోపలి వాలుకు రాతి పరుపు అవసరమే. కట్టకు ఎదురుగా, వాగు వచ్చి కలిసే పల్లపు ఒడ్డుకు కూడా అదే చేయించడం మాత్రం తప్పు, ఆ తప్పు ఒకచోట మేమూ చేశాం. తొలకరి తర్వాత, రాయి పరవని అలాంటి ఒడ్డున మోకాలి లోతు నీటిలో నిలబడి చూస్తే, వాగు మోసుకొచ్చిన ఎర్రనీరు తుంగ దుబ్బుల మధ్య వేగం తగ్గి, ఒండ్రును అక్కడే దింపి, కాస్త తేటపడి ముందుకు సాగడం కనిపిస్తుంది. నీట మునిగిన జమ్ము కాడను తడిమితే వేళ్లకు తగిలే జిగట పొరలో మురికిని విరిచే సూక్ష్మజీవులుంటాయి; ఆ కాడల నీడలోనే కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపును కాపలా కాస్తుంది. రాతి ఒడ్డు ప్రారంభోత్సవపు ఫొటోలో అందంగా ఉంటుందన్నది మాత్రం నిజమే.

జమ్మును అసలు ముట్టుకోవద్దని కాదు. మురుగు చేరే చెరువులో అది నీటినంతా కమ్మేస్తుంది కాబట్టి, ఏటా కొంత భాగాన్ని వంతులవారీగా కోసి గట్టుకు చేర్చాలి. నీటిలోనే వదిలేస్తే కుళ్లి, అది పీల్చుకున్నదంతా మళ్లీ నీటిలోకే వస్తుంది.

అపోహ: పూడిక ఎంత లోతుగా తీస్తే అంత మేలు.

వాస్తవం: 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో రైతులు పొలాలకు తోలుకున్న ఒండ్రు నేలకు బలమే. అయితే తూము మట్టానికి దిగువన తవ్విన గుంతల్లోని నీరు కాలువకు ఎక్కదు, అంచున నిలువుగా తవ్విన చోట తుంగ వేరూనదు, దిగిన గేదె పైకి రాలేదు.

అపోహ: గుర్రపుడెక్క తీసేస్తే పని అయిపోయినట్లే.

వాస్తవం: మురుగు ఆగనంత కాలం అది మళ్లీ వస్తుంది.

అపోహ: ఒడ్డు పచ్చబడాలంటే నర్సరీ మొక్కలు కొని నాటాలి.

వాస్తవం: చాలాచోట్ల విత్తనం బురదలోనే ఉంటుంది. పశువులు నీటికి దిగేందుకు ఒక బాట విడిచి, మిగిలిన అంచుకు ఏడాది పాటు తుమ్మకంప అడ్డం వేస్తే తుంగ తనంతట తానే లేస్తుంది. అయితే ఆ బాట ఎటు వదలాలో ముందుగా పశువుల కాపరులను అడగాలి. లేకపోతే కంప వారం కూడా నిలవదు.