మరుగుజ్జు తూజా ఎందుకు పొడుగైంది?

దేవరకొండ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "గేటుకు చెరో పక్క పెట్టుకోమని మరుగుజ్జు తూజాలు రెండు ఇచ్చారు. నాలుగేళ్లలో ఒకటి నడుము ఎత్తు దగ్గర ఆగింది, రెండోది సన్‌షేడ్ దాటింది. రెండింటికీ ఒకే మట్టి, ఒకే ఎరువు, ఒకే నీళ్లు. పెద్దదాన్ని గట్టిగా కత్తిరిస్తే లోపల గోధుమరంగు బోడి కొమ్మలు బయటపడ్డాయి, మళ్లీ చిగురు రాలేదు. ఎక్కడ తప్పు జరిగింది?"

మట్టిలో, నీళ్లలో ఏ తప్పూ లేదు. ఆ రెండు మొక్కల పుట్టుకే వేరు. నడుము దగ్గర ఆగింది కొమ్మ ముక్క నుంచి వచ్చి ఉంటుంది, సన్‌షేడ్ దాటింది గింజ నుంచి. ఇళ్లలో కోనిఫర్లు పెంచాలనుకునేవారికి ఈ తేడా తెలిస్తే సగం పని తెలిసినట్టే.

కోనిఫర్లు అంటే ఏమిటో బడి పుస్తకాల్లో ఉంది: పువ్వు, కాయ లేకుండా శంకువు పొలుసుల మీద గింజ కాసే చెట్లు. కాకపోతే పాఠంలో ఉదాహరణ ఎప్పుడూ హిమాలయాల పైన్ చెట్టే. బడి ఆవరణలో గేటు పక్కనే ఉన్న తూజాను ఎవరూ చూపించరు. దాని లేత శంకువు నీలి పచ్చగా, ఒక్కో పొలుసు కొనకు చిన్న కొక్కెంతో ఉంటుంది. అది ఎండి విచ్చుకున్నాక పిల్లల అరచేతిలో పెట్టి, పొలుసుల మీది గింజలను పుల్లతో కదిలించి చూపితే వివృతబీజం (గింజ కాయలో దాగకుండా బయటే ఉండే మొక్క) అన్న మాట మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు. రోడ్ల పక్క కనిపించే సరుగుడు మాత్రం కోనిఫర్ కాదు. అది పూల మొక్క, దాని సూదులు నిజానికి కణుపులున్న సన్నని కొమ్మలు.

ఇక మరుగుజ్జుతనం సంగతి. చలి దేశాల అడవుల్లో స్ప్రూస్, పైన్ చెట్ల మీద అక్కడక్కడా ఒక్కచోటే కొమ్మలు చిక్కగా గుంపు కట్టి పెరుగుతాయి. యూరప్ పల్లెల్లో అది మంత్రగత్తెల పని అనుకునేవారు. మన రైతులు వంగ తోటలో వెర్రి తెగులు చూసే ఉంటారు: ఆకులు గోరంత అవుతాయి, కణుపులు దగ్గరవుతాయి, మొక్క పొదలా మారి కాపు మానేస్తుంది. చూపుకు ఆ అడవి గుబురూ అలాగే ఉంటుంది. వంగలో కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి, ఆకు రసం పీల్చే దోమలు దాన్ని మోసుకొస్తాయి. అడవి గుబుర్లలోనూ కొన్ని శిలీంధ్రాల వల్ల, కొన్ని బదనిక జాతి పరాన్నజీవుల వల్ల పుడతాయి. మిగిలినవాటిలో ఏ తెగులూ కనబడదు. ఒక మొగ్గలో, ఒక కణంలో జన్యువు మారింది. ఆ కణం సంతతి అంతా ఆ గుబురే. తోటల్లో పెంచే మరుగుజ్జు రకాల్లో చాలావాటికి ఇలాంటి గుబురు నుంచి తీసిన కొమ్మే మొదలు.

మామూలు కొమ్మలో కొన మొగ్గ ఆక్సిన్ అనే హార్మోన్‌ను కిందికి పంపుతూ పక్క మొగ్గలను లేవనివ్వదు. మారిన కొమ్మలో ఈ అదుపు సడలుతుంది. పక్క మొగ్గలన్నీ లేస్తాయి, ఏ ఒక్కటీ సాగదు, కణుపుల మధ్య దూరం కుదించుకుపోతుంది. అడుగు పెరగాల్సిన చోట అంగుళం, రెండంగుళాలు పెరుగుతుంది. దీనికి ఆకలితో, కుండీ సైజుతో సంబంధం లేదు. బోన్సాయ్‌ని నేలలో నాటితే కొన్నేళ్లకు పెద్ద చెట్టవుతుంది, ఎందుకంటే అది మామూలు చెట్టే, మనిషి కత్తెరతో ఆపినది. మరుగుజ్జు రకాన్ని నేలలో నాటి, బలంగా మేపినా దాని వేగం దానిదే.

ఇది బేనిషాన్ మామిడి లెక్క. కొల్లాపూర్ తోటల్లోని బేనిషాన్ చెట్లన్నీ అంటు మీద అంటుగా ఒకే చెట్టు కొమ్మలు. బేనిషాన్ టెంక పాతితే మామిడి మొక్క వస్తుంది గాని బేనిషాన్ రాదు. మరుగుజ్జు కోనిఫర్‌నూ కొమ్మ ముక్కతోనో, అంటుతోనో మాత్రమే దింపాలి. గింజ వేస్తే ఏమవుతుందో అమెరికాలో బోస్టన్‌లోని ఆర్నాల్డ్ అర్బొరేటం అనే చెట్ల తోటలో ఆల్ఫ్రెడ్ ఫోర్డ్‌హామ్ చూశారు. గుబుర్ల మీద కాసిన శంకువుల గింజలు నాటితే దాదాపు సగం మొక్కలు మామూలుగా, సగం పొట్టిగా వచ్చాయి. గుబురు మీద ఎక్కువగా ఆడ శంకువులే వస్తాయి, పుప్పొడి పక్కనున్న మామూలు చెట్లది. మారిన జన్యువు జతలో ఒకటే అయి, ఆ ఒక్కటే పొట్టితనానికి చాలినదైతే పిల్లల్లో సగానికి చేరుతుంది. లెక్క సరిగ్గా కుదిరింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పూల మొక్కల్లో కొన మొగ్గ పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర కణాలు పక్కకే చీలతాయి కాబట్టి అక్కడ వచ్చిన మార్పు ఆ పొరలోనే తరతరాలుగా నిలుస్తుంది. చాలా కోనిఫర్లలో అంత కట్టుదిట్టమైన పొరలు లేవు. పై కణాలు లోపలికి కూడా చీలతాయి. అందుకే మార్పు కొమ్మనంతా ఆక్రమించడమో, తుడిచిపెట్టుకుపోవడమో జరుగుతుంది. తెలుపు, పసుపు మచ్చల జునిపర్లలో మచ్చలు అంచు కట్టినట్టు కాకుండా చల్లినట్టు ఉండటానికి కారణం ఇదే. మరుగుజ్జు చెట్టు మీద ఉన్నట్టుండి ఒక కొమ్మ మామూలు వేగంతో దూసుకుపోవడం కూడా కణాలు పాత తీరుకు మళ్లడమే. 1904లో కెనడాలోని లాగ్గన్ దగ్గర జాక్, రేడర్ అనే వృక్షశాస్త్రజ్ఞులకు దొరికిన కోనికా అనే మరుగుజ్జు స్ప్రూస్ ప్రపంచమంతా పాకింది. అది ఈ గుణానికి పేరు పడ్డది. దూకిన కొమ్మను చూసిన వెంటనే మొదలంటా తీసేయాలి. మిగతా చెట్టు ఏడాదికి 5 సెం.మీ., ఆ కొమ్మ 15 సెం.మీ. పెరుగుతుందనుకోండి, పదేళ్లలో పొడవు మూడు రెట్లే, అన్ని వైపులా అదే తేడాతో విస్తరిస్తే ఘనపరిమాణం 27 రెట్లు. ఆకు ఎక్కువున్నది ఆహారం ఎక్కువ చేసుకుంటుంది, అసలు మరుగుజ్జు నీడలో పడి ఎండిపోతుంది.

కొమ్మకు తన స్థానం గుర్తుండటం ఇంకా విచిత్రం. క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా పక్క కొమ్మను వేరు పట్టిస్తే అది ఎన్నేళ్లయినా నిటారుగా లేవదు, నేల మీద అడ్డంగా సాగుతుంది. జన్యువు మారలేదు, "నేను పక్క కొమ్మను" అన్న తీరు మాత్రం మారదు. వింత మొక్క కావాలనుకునేవారు కావాలనే ఇలా చేయవచ్చు. నిటారు చెట్టే కావాలంటే గింజ మొక్కో, నడినెత్తి కొమ్మో తప్ప దారి లేదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ఎండలకు ఏవి ఆగుతాయి? కోనికాతో సహా స్ప్రూస్, ఫర్ జాతులను ఆశించకండి. వాటి మొగ్గలు లేవడానికి చలికాలపు చలి కావాలి. పైగా మన ఏప్రిల్, మే రాత్రుల్లో వేడి తగ్గదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి పగలు చేసుకున్న ఆహారం రాత్రి కరిగిపోతుంది. బంగారు తూజా ఆరియా నానా, చైనా జునిపర్ రకాలు, నేల మీద పాకే జునిపరస్ ప్రొకంబెన్స్ నానా, పోడోకార్పస్ మాకి మనకు తగినవి. ఏడాదికి 2.5 నుంచి 15 సెం.మీ. పెరిగేదాన్ని అమెరికన్ కోనిఫర్ సొసైటీ మరుగుజ్జు అంటుంది. మంచు నిద్ర లేని మన దగ్గర అదే మొక్క ఆ లెక్క దాటవచ్చు.

కొనేటప్పుడు వరుస మొత్తం చూడండి. మొక్కలన్నీ ఒకే రంగు, ఒకే రూపంలో ఉంటే కొమ్మ ముక్కల నుంచి వచ్చినవి. ఒకటి పొడుగు, ఒకటి పచ్చ, ఒకటి పసుపు అయితే గింజవి. చిన్న తూజా మొదలు దగ్గర పొలుసు ఆకులకు బదులు సూది ఆకులుంటే అది గింజ మొక్కే. జత విరిస్తే అరిష్టమని, జతగానే నాటాలని కొందరు అంటారు. రెండు ఒకే తల్లివి కాకపోతే ఎంత పూజించినా జత కుదరదు. దీని రెమ్మ పుస్తకంలో పెడితే చదువు వస్తుందన్న నమ్మకంతో పిల్లలు ఎండాకాలంలో మొక్కను దూసేస్తారు. ఆ నమ్మకాన్ని ప్రేమగానే అయినా గట్టిగా మాన్పించాలి.

కడియం వైపు నుంచి వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ తరచుగా బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే ఇసుక మిశ్రమంలో దించితే పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి, ముద్ద రాయిలా ఎండుతుంది. కుండీ తడిగా కనిపిస్తుంది, మొక్క దాహంతో చస్తుంది. ముద్దను బకెట్ నీళ్లలో అరగంట ఉంచి, చుట్టూ రెండు వేళ్ల మందం మట్టిని చేత్తో నలిపి వదిలించండి. ఈ పనికి నవంబర్ నుంచి జనవరి వరకు అనువు. చెల్క మట్టి రెండు పాళ్లు, దొడ్డు ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, రెండుమూడు సార్లు కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు చాలు. 14 అంగుళాల మట్టి కుండీ, ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. అడుగున కంకర పరచవద్దు. నీళ్లు సన్న మట్టి నుంచి కంకరలోకి తేలిగ్గా దిగవు, తడి పొర వేళ్ల దగ్గరికే వస్తుంది. మొదలు కవర్లో ఏ ఎత్తున ఉందో అదే ఎత్తున నాటాలి. డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీకి పడమటి ఎండ పడితే వేళ్లు ఉడికిపోతాయి. పెద్ద కుండీలో చిన్నది దించి మధ్యన తడి ఇసుక నింపండి. మార్చి చివరి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

నీళ్ల దగ్గర నల్గొండ ప్రాంతానికి ప్రత్యేక సమస్య ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లలో సాధారణంగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. ఈ మొక్కలను ఎక్కువ బాధించేది ఈ బైకార్బొనేట్. మట్టి పీహెచ్ పెరిగి ఇనుము అందదు, లేత చిగుర్లు పాలిపోతాయి. బంగారు రకాల్లో పసుపు ఎండ తగిలే చోటే ఉంటుంది. నీడ కొమ్మలోని చిగురూ పాలిపోతే అది ఇనుము లోపం. భగీరథ నీళ్లో, వాననీళ్లో వాడితే మేలు. బోరు నీళ్లు తప్పకపోతే 10 లీటర్లకు 2 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. పాలిపోయినదానికి లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి, వారానికోసారి, మూడుసార్లు. అన్నభేదిని మట్టిలో వేస్తే ఆ క్షారంలో బిగుసుకుపోయి వృథా అవుతుంది.

కోనిఫర్ వాడిపోయినా తల వంచదు. వేళ్లు చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది, అందుకే కారణం దాటిపోయాక గాని తెలియదు. అనుమానం వస్తే కొమ్మను గోటితో గీకండి. లోపల ఆకుపచ్చ తడి ఉంటే ప్రాణం ఉన్నట్టు. రెండంగుళాల లోతున వేలికి తడి తగిలితే ఆ రోజు నీళ్లు పోయవద్దు.

మార్చి, మేల మధ్య ఆకు కాంతి తగ్గి బూడిద పట్టినట్టయితే తెల్ల కాగితం మీద కొమ్మను తట్టండి. పడిన చుక్కలు నడిస్తే ఎర్రనల్లి. మూడు రోజులకోసారి పొద్దున్నే లోపలి కొమ్మలకు నీటి ధార కొడితే చాలావరకు పోతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు పనిచేస్తుంది గాని 35 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆకులు మాడుస్తుంది.

కత్తిరింపు ఎప్పుడూ ఆకుపచ్చ ఉన్నంతవరకే. తూజా, జునిపర్లలో ఆకు రాలిన పాత కొమ్మ మీద నిద్ర మొగ్గలు దాదాపు ఉండవు, అక్కడ కోస్తే ఆ బొక్క పూడదు. దేవరకొండ మొక్కకు జరిగింది అదే. పోడోకార్పస్‌కు ఈ భయం లేదు.

మంచి మొక్క దొరికితే దాన్నే పెంచుకోండి. వానలు తగ్గాక, గుబురు మధ్య నుంచి వేలంత కొమ్మను కిందికి లాగి, పాత చెక్క పీలిక అంటుకుని ఉండేలా తీయండి. కింది మూడోవంతు ఆకు తీసి, వేరు పట్టించే హార్మోన్ అయిన ఐబీఏ 3000 పీపీఎం పొడి అద్ది, ఇసుక, కడిగిన కొబ్బరి పొట్టు సమపాళ్లలో గుచ్చి, అడుగు కోసిన నీళ్ల సీసా బోర్లించి నీడలో పెట్టాలి. వేరు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దూకుడుగా పైకి పోతున్న కొమ్మ నుంచి ముక్క తీస్తే మళ్లీ సన్‌షేడ్ దాటే చెట్టే వస్తుంది.